శాస్త్రం ఒప్పుకోదు

2017 మే నెలలో ఒక రాత్రి రెండు గంటలకి ఫోన్ మోగింది. ఆ వేళప్పుడు ఫోన్ మోగితే మా ఇంట్లో ఎవరికి వాళ్ళు మనసులోనే చుట్టాల్లో ఒక ముసలాయన్ని ఎంచుకుని సిద్ధమైపోతారు. మా ఆవిడ లైటు వేసింది. పక్కగదిలోంచి నాన్నగారు "ఎవర్రా?" అన్నారు. ఆ వరసలో అందరికన్నా ముందున్నది తానేనన్న స్పృహ ఆయనకి ఎప్పుడూ ఉండదు.

ఫోన్‌లో మా మేనల్లుడు, డాలస్ నుంచి. గొంతు బొంగురుపోయి ఉంది.

"నాశనం చేసేశారు మామయ్యా."

"ఎవర్నిరా?"

"క్లింగాన్లని."

క్లింగాన్లంటే వాడి అపార్ట్‌మెంట్‌లో పై అంతస్తు వాళ్ళేమో అనుకున్నాను. పోలీసులకి చెప్పావా అని కూడా అడిగాను. పది నిమిషాలకి తేలిందేమిటంటే, పోయినవాళ్ళెవరూ లేరు. 'స్టార్ ట్రెక్: డిస్కవరీ' అని ఆ ఏడాది చివర్లో రాబోయే సీరియల్‌కి ట్రైలర్ వచ్చింది. అందులో క్లింగాన్లు అనే వేరే గ్రహం వాళ్ళ తలకాయలు మావాడు ఎరిగిన తలకాయల్లా లేవు.

"అంతేనా?" అన్నాను. ఆ ఒక్క మాటకి నలభై నిమిషాలు విన్నాను.

విన్నది విన్నట్టు చెబుతాను. 1966లో అమెరికా టీవీలో స్టార్ ట్రెక్ మొదలైనప్పుడు నిర్మాతల చేతిలో డబ్బు తక్కువ. మరుసటి ఏడాది కథలోకి క్లింగాన్లు వచ్చారు. మొహానికి కాస్త ముదురు రంగు, ఒక మీసం. మేకప్ అంతటితో సరి. మన ఊళ్ళల్లో నాటకానికి కరణంగారి తమ్ముడికి మసి పూసి రాక్షసుణ్ణి చేసినట్టే. 1979లో సినిమా తీసేటప్పటికి డబ్బు ఆడింది, క్లింగాన్ల నుదుటి మీద ఎముకలు మొలిచాయి. పనసతొక్కలాంటి నుదురు. అప్పట్నుంచి అదే వాళ్ళ ఆనవాలు.

మామూలు మనిషైతే మేకప్ బాగుపడిందని సంతోషించి ఊరుకుంటాడు. అభిమాని ఊరుకోడు. ఒకే జాతికి పన్నెండేళ్ళలో నుదురెలా మారింది? ఈ ప్రశ్న ఏళ్ళ తరబడి నలిగింది. 1996లో మరో సీరియల్‌లో పాత్రలు కాలంలో వెనక్కి వెళ్ళి, ఆ పాత నున్నటి నుదుళ్ళ క్లింగాన్లని చూసి తెల్లబోతారు. వాళ్ళతో వచ్చిన ఎగుడుదిగుడు నుదుటి క్లింగాన్, అది మా ఇంటి సంగతి, బయటివాళ్ళతో మాట్లాడం అని తప్పించుకుంటాడు. రాసినవాళ్ళు అది జోకనుకున్నారు. చూసినవాళ్ళు వాంగ్మూలం అనుకున్నారు. చివరికి 2005లో ఇంకో సీరియల్ రెండు ఎపిసోడ్లు ఖర్చుపెట్టి తీర్పు చెప్పింది. క్లింగాన్లు మనిషి జన్యువులతో ఏదో ప్రయోగం చేయబోతే వైరస్ పుట్టిందిట. అది సోకినవాళ్ళ నుదుటి ఎముకలు కరిగిపోయాయిట. 1967లో మేకప్‌కి నాలుగు డబ్బులు చాలకపోవడం ముప్ఫై ఎనిమిదేళ్ళకి మహమ్మారి అయి కూర్చుంది.

మన పౌరాణికులు మాత్రం ఇంతకన్నా ఏం చేశారు? ద్రౌపదికి అయిదుగురు మొగుళ్ళేమిటండీ అని సభలో ఎవడో లేచి అడిగితే, పోయిన జన్మలో ఆవిడ శివుణ్ణి మంచి భర్త కావాలని అయిదుసార్లు అడిగింది నాయనా, కూర్చో అన్నారు.

ఇలా కట్టుకున్న గుడిని రెండున్నర నిమిషాల ట్రైలర్ కూలగొట్టిందన్నది మావాడి గోడు. కొత్త క్లింగాన్లకి జుట్టే లేదు. తలలు వెనక్కి సాగిపోయి గుమ్మడికాయల్లా ఉన్నాయి. వాడు ఆ ట్రైలర్‌ని చూసింది ఒకసారి కాదు. ముందురోజు సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి కూర్చున్నవాడు, పెళ్ళిచూపుల్లో మేనత్త పిల్ల నడక, జడ, పలువరస విడివిడిగా చూసినట్టు, ఒక్కో ఫ్రేము ఆపి, పెద్దది చేసి, పక్కన ఇంకో తెర మీద పాత సీరియల్ పెట్టుకుని సరిచూశాడు. అందులో ఇంకో ఘోరం దొరికింది. ఈ కథ మొదటి సీరియల్ నాయకుడు కెప్టెన్ కిర్క్ కాలానికి పదేళ్ళ ముందు జరుగుతుంది. కిర్క్ ఓడలో రంగు బల్బులు, మీటలు, అట్టకి రంగేసినట్టుండే గోడలు ఉంటాయి. అంతకుముందరి ఓడలో గాజుతెరలేమిటి, గాల్లో నిలబడి మాట్లాడే హోలోగ్రాములేమిటి? తాత చేతిలో స్మార్ట్‌ఫోను, మనవడి చేతిలో డయల్ తిప్పే ఫోనూనా?

నాకు అప్పటికి నిద్ర పూర్తిగా ఎగిరిపోయింది కనక ఆలోచించాను. మావాడికి కావలసింది రాబోయే కాలం కాదు. రాబోయే కాలం 1966లో ఎలా ఉండేదో ఇప్పుడూ అచ్చం అలాగే ఉండాలి. ఒక్క మీట తగ్గకూడదు.

"అది కానన్ మామయ్యా. దాన్ని ఎవడూ ముట్టుకోకూడదు," అన్నాడు.

కానన్ అనేది చర్చి మాట. ఏ గ్రంథాలు దైవప్రోక్తమో, ఏవి కావో తేల్చిన జాబితా. సైన్సు కథల అభిమానులు దాన్ని తెచ్చి టీవీ సీరియల్‌కి తగిలించుకున్నారు. ఇంగ్లీషువాళ్ళకి పాపం సైన్సుకో మాట, మడికో మాట కావాలి. మనకా ఇబ్బంది లేదు. రాకెట్టు ఎగిరేది శాస్త్రం వల్లే, మంగళవారం గోళ్ళు తీసుకోకూడదనేదీ శాస్త్రమే. మావాడు ఎంటెక్ చదివి, అమెరికాలో ఉద్యోగం చేస్తూ, ఏ పూజా పునస్కారం లేకుండా, ఎంత శాస్త్రోక్తంగా బతుకుతున్నాడో ఆ రాత్రే తెలిసింది.

మర్నాడు కాఫీ తాగుతూ నాన్నగారికి సంగతంతా చెప్పాను. ఆయన రిటైరైన తెలుగు మాస్టారు. అంతా విని, "ఆ క్లింగాన్లకి భాషుందా?" అన్నారు. ఉందన్నాను. మార్క్ ఒక్రాండ్ అనే భాషాశాస్త్రవేత్త పనిగట్టుకుని తయారుచేశాడు, 1985లో నిఘంటువు కూడా వచ్చింది. మావాడి గూట్లో ఆ నిఘంటువుంది. నాన్నగారు పదేళ్ళ క్రితం పంపిన పెద్దబాలశిక్ష దాని కింద ఉంది, ఎత్తు కోసం.

"సంధులున్నాయా?" అన్నారు నాన్నగారు. తెలీదన్నాను. ఆయన పేపరు తిరగేశారు.

ఈ జబ్బు మావాడితో మొదలైంది కాదు. 1987లో స్టార్ ట్రెక్ రెండో సీరియల్ వస్తోందన్నప్పుడు మొదటి సీరియల్ భక్తులు ఇలాగే గుండెలు బాదుకున్నారు. కిర్క్ లేని ఓడేమిటి? కిర్క్ కుడిభుజం స్పాక్ లేకుండా బయల్దేరడమేమిటి? అన్నిటికీ మించి, బట్టతల కెప్టెనేమిటి? ఆ పాత్రకి ప్యాట్రిక్ స్టూవర్ట్‌ని అనుకున్నప్పుడు పై అధికారులకి చూపించడానికి లండన్ నుంచి ఆయన విగ్గు తెప్పించారు. చివరికి విగ్గు వద్దని బట్టతలతోనే తీసుకున్నారు. సృష్టికర్త జీన్ రాడెన్‌బెర్రీని ఒక విలేఖరి, ఇరవై నాలుగో శతాబ్దానికి కూడా బట్టతలకి మందే కనిపెట్టరా అని అడిగితే, అప్పటికి దాన్ని ఎవరూ పట్టించుకోరు అన్నాడని స్టూవర్టే చెబుతుంటాడు. అంత పెద్ద మనసున్న భవిష్యత్తుని ఊహించినవాడికి, అది చూసే అభిమానులు మాత్రం నెత్తి మీద వెంట్రుకలు లెక్కపెట్టేవాళ్ళు దొరికారు. ఇప్పుడు మావాడినడగండి, అసలు సిసలు కెప్టెనెవర్రా అని. బట్టతలాయన పేరే చెబుతాడు. లేచి నిలబడి చెబుతాడు.

డిస్కవరీ ట్రైలర్ చూసి కొందరికి కష్టం కలిగింది నుదుటి దగ్గర కాదు, చర్మం దగ్గర. ట్రైలర్‌లో ఇసుక ఎడారిలో ఇద్దరు ఆడవాళ్ళు నడుస్తుంటారు. ఒకరు మలేషియాలో పుట్టిన చైనా సంతతి నటి మిషెల్ యో, ఓడకి కెప్టెన్. రెండోవారు నల్లజాతి నటి సొనీక్వా మార్టిన్ గ్రీన్, కథానాయిక. ఇదేమిటి, మా స్టార్ ట్రెక్‌లోకి రాజకీయాలు తెచ్చిపెట్టారని వాళ్ళ కంప్లయింటు. 1966లో కిర్క్ ఓడ నడిపే గదిలో నల్లజాతి నటి నిషెల్ నికల్స్ అధికారి హోదాలో కూర్చుంది. ఆ పక్కనే జార్జ్ టకే. చిన్నతనంలో జపాన్ సంతతి అన్న నేరానికి అమెరికా ప్రభుత్వం కుటుంబంతో సహా నిర్బంధ శిబిరంలో పెట్టిన మనిషి. మొదటి సీజను కాగానే నికల్స్ మానేద్దామనుకుంటే, మార్టిన్ లూథర్ కింగ్ ఆమెకి నచ్చజెప్పి ఉంచాడు. 1968లో నల్లజాతి స్త్రీకీ తెల్లజాతి పురుషుడికీ ముద్దు పెట్టించిన సీరియల్ అది. స్టార్ ట్రెక్‌లోకి రాజకీయాలెందుకు తెచ్చారనడం, సుందరకాండలోకి హనుమంతుణ్ణెందుకు దూర్చారని అడగడంలాంటిది. యాభై ఏళ్ళు చూసి, క్లింగాన్ల నుదుటి గీతలన్నీ బట్టీపట్టి, ఆ ఒక్కటీ కనిపెట్టలేదంటే దాన్ని కూడా ఒక ప్రతిభే అనాలి.

ఇంగ్లండు వాళ్ళ సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. అక్కడ 'డాక్టర్ హూ' అని 1963లో మొదలైన సీరియల్‌లో నాయకుడికి రెండు గుండెలు. చచ్చే గడియ వస్తే ఒళ్ళంతా మారిపోయి కొత్త మనిషై లేస్తాడు. పోలీసువాళ్ళ నీలం డబ్బాలో కూర్చుని యుగాలు దాటతాడు. ఇవన్నీ నమ్మారు. 2017 జులైలో వింబుల్డన్ ఫైనల్ అవగానే చిన్న క్లిప్ వేసి, ఈసారి అతను జోడీ విటకర్‌గా మారుతున్నాడు, ఆడమనిషి అని చెప్పేసరికి కొందరు పెద్దమనుషులకి నమ్మశక్యం కాలేదు. రెండు గుండెలు సరే, చీరా జాకెట్టూ కుదరదు.

మావాడి దగ్గరికి వస్తాను. ట్రైలర్ చూసిన రాత్రే ప్రతిజ్ఞ చేశాడు, ఆ సీరియల్ చూడనని, ఒక్క డాలరు కట్టనని. సెప్టెంబరు 24న మొదటి ఎపిసోడ్ అమెరికాలో మామూలు టీవీలో ఉచితంగా వేశారు. ఉచితమే కదా, ఎంత పాడుచేశారో చూద్దామని కూర్చున్నాట్ట. రెండో ఎపిసోడ్ కావాలంటే చందా కట్టాలి. అదే రాత్రి కట్టాడు. ఎందుకురా అంటే, "సరిగ్గా తిట్టాలంటే పూర్తిగా చూడాలి కదా మామయ్యా," అన్నాడు. ట్రైలర్లు కట్ చేసేవాళ్ళకి ఈ రహస్యం ఎప్పుడో తెలుసు. ఎన్నిసార్లు చూశారో లెక్కపెట్టే మీటరుకి కోపమూ ప్రేమా తేడా తెలీదు. పళ్ళు కొరుకుతూ ఇరవైసార్లు చూసినవాడు దాని లెక్కలో ఇరవైమంది భక్తులు.

తిట్టడం కూడా శ్రద్ధగానే తిట్టాడు. క్లింగాన్లు క్లింగాన్ భాషలోనే మాట్లాడాలని ఏళ్ళ తరబడి అడిగినవాళ్ళలో వాడొకడు. ఇందులో వాళ్ళు పెట్టుడు పళ్ళ మధ్యనుంచి నిమిషాల కొద్దీ క్లింగాన్‌లోనే మాట్లాడుకుంటుంటే, "కథ నడవట్లేదు మామయ్యా," అన్నాడు. నేనిక్కడ నెట్‌ఫ్లిక్స్‌లో చూశాను. సబ్‌టైటిల్స్ జాబితాలో క్లింగాన్ కూడా పెట్టారు. ఎవరికోసమో నాకు తెలుసు.

2019లో రెండో సీజను వచ్చింది. క్లింగాన్లకి జుట్టు! మళ్ళీ అర్ధరాత్రి ఫోను, ఈసారి విజయోత్సాహంతో. ఏమిటయ్యా కారణమంటే, యుద్ధకాలంలో వాళ్ళు గుండు కొట్టించుకున్నారుట, యుద్ధం ముగిసింది గనక పెంచుకుంటున్నారుట. తిరుపతి వెళ్ళొచ్చినవాడెవణ్ణడిగినా మొదటిరోజే చెప్పేవాడు. హోలోగ్రాములకీ ప్రాయశ్చిత్తం జరిగింది. అవి సరిగ్గా పనిచెయ్యక విసిగిపోయిన ఒక కెప్టెన్ తన ఓడలోంచి ఆ యంత్రాంగం మొత్తం పీకించేస్తాడు. అందుకే కిర్క్ కాలానికి అవి లేవన్నమాట. తాత స్మార్ట్‌ఫోను గోడకేసి కొట్టాడు, కాబట్టి మనవడు డయల్ ఫోను వాడాడు. మావాడి మనసు కుదుటపడింది.

అరవై అయిదు ఎపిసోడ్లు నడిచి, 2024 మే నెలాఖరున డిస్కవరీ ముగిసింది. ఆఖరి ఎపిసోడ్ చూసి వాడు ఏడ్చాడని మా మేనకోడలు ఫోన్ చేసి చెప్పింది. (ఆ పిల్ల వాడి చెల్లెలు. ఇలాంటి వార్త దాచుకునే రకం కాదు.)

ఆ పై వారమే సెలవులకి పెళ్ళాం బిడ్డలతో తెనాలిలో మా ఇంటికి వచ్చాడు. జూన్ 10న 'కల్కి 2898 ఏడీ' అనే ప్రభాస్ సినిమా ట్రైలర్ వస్తుందని మా వీధి కుర్రాళ్ళు పొద్దుట్నుంచి కాలు నిలవకుండా తిరుగుతున్నారు. సాయంత్రం మావాడు తన ఫోనుని టీవీకి కలిపాడు. నాన్నగారు వాలుకుర్చీ ముందుకి జరిపించుకున్నారు. ఎనభై నాలుగేళ్ళ మనిషి, ట్రైలర్ చూడ్డం అదే మొదటిసారి. నిజానికి ఆయన దాన్ని సినిమా అనుకున్నారు. అయిపోయాక "ఇంటర్వెల్లా?" అన్నారు.

మావాడు వెంటనే అందుకున్నాడు. ఆ ఇసుక 'డ్యూన్'లోది, ఆ బళ్ళు 'మ్యాడ్ మాక్స్'లోవి, ఆ కత్తి 'స్టార్ వార్స్'లోది. పక్కింటి ఇంటర్ కుర్రాడు మా గుమ్మంలో నిలబడి, "అన్నా, మా ప్రభాస్ నీకెక్కడా కనబళ్ళేదా?" అన్నాడు. ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. ఈ గొడవలో నాన్నగారు వేళ్ళ మీద ఏదో లెక్కేసుకుంటున్న సంగతి ఎవరూ చూడలేదు.

"2898 ఏమిట్రా?" అన్నారు.

మావాడు ఫోన్‌లో చూసి చెప్పాడు. దర్శకుడు నాగ్ అశ్విన్ ఇచ్చిన వివరణ. కలియుగం క్రీస్తుపూర్వం 3102లో మొదలైంది, అక్కణ్ణుంచి 2898 దాకా ఆరువేల ఏళ్ళ కథ.

"3102 వరకూ బానే ఉంది," అన్నారు నాన్నగారు, పరీక్ష పేపరు దిద్దేటప్పటి గొంతుతో. "కలియుగం మొత్తం 4,32,000 సంవత్సరాలు. మొన్న ఉగాదికి గడిచినవి 5,125. పంచాంగంలో మొదటి పేజీలోనే ఉంటుంది. ఇంకా 4,26,875 ఉన్నాయి. కల్కి రావలసింది యుగాంతంలో. ఆరువేలకే దిగిపోతే తరవాత ఆ నాలుగు లక్షల పైచిలుకూ ఆయన్ని ఎక్కడ కూర్చోమంటారు? శాస్త్రం ఒప్పుకోదు."

మావాడు ఆయన వంక చూసిన చూపు నేను మరిచిపోను. డాలస్‌లో పదేళ్ళుగా వెతుకుతున్న మనిషి తెనాలిలో వాలుకుర్చీలో దొరికాడు.

"అదే తాతయ్యా నేను చెప్పేది. కానన్!"

"కానను కాదు, కాలగణన," అన్నారు నాన్నగారు.

సందు దొరికింది కదాని నేనో పుల్ల వేశాను. "నాన్నగారూ, రామారావు కృష్ణుడైతే మొదట్లో మీరే ఒప్పుకోలేదటగా." ఇది మా ఇంట్లో పాత కథ. 1956లో 'సొంతవూరు' సినిమాలో ఎన్టీ రామారావు కాసేపు కృష్ణుడిగా కనిపించాడు, జనానికి నచ్చలేదు. ఆ దెబ్బకి మరుసటి ఏడాది 'మాయాబజార్'లో ఆ వేషం వెయ్యడానికే ఆయన జంకితే దర్శకుడు కేవీ రెడ్డి ఒప్పించవలసి వచ్చింది. నాన్నగారికప్పుడు పదహారేళ్ళు. నేల టికెట్టు.

"ఈల వేశాం," అని ఒప్పుకున్నారు. "కిరీటం బావులేదు."

"మరి మాయాబజార్ చూశాక?"

"అది వేరు. అది శాస్త్రప్రకారం ఉంది." ఆ శాస్త్రం ఎవరు రాశారని అడగబోతుంటే మా ఆవిడ కళ్ళతో వారించింది. ఆ తర్వాత ఈ అరవై ఏడేళ్ళలో ఎవరు నెమలిపింఛం పెట్టినా నాన్నగారు అటు చూసి ఇటు తల తిప్పేసుకోవడం నేనెరుగుదును. ఒకప్పుడు ఈల వేయించిన మనిషే ఇప్పుడు ఆయన చేతిలో గజంబద్ద.

ఇంతలో ఆయనకి మరో అనుమానం వచ్చింది. "అందులో ముసలాయన, కట్లు కట్టుకున్నాయన ఎవరు?"

"అమితాబ్ బచ్చన్ తాతయ్యా. అశ్వత్థామ."

నాన్నగారు కళ్ళజోడు తీసి పంచెకి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు. కుర్చీలోంచి లేచి టీవీ దగ్గరికి, తెరకి జానెడు దూరానికి వెళ్ళారు.

"వెనక్కి తిప్పు. నుదురు చూపించు."

మావాడు ఒక్కసారి ఉలిక్కిపడ్డాడు. "నుదురా?"

"సౌప్తిక పర్వంలో ఆ తలమీది మణి పాండవులకి ఇచ్చేశాడు. అక్కడ మణి ఉండకూడదు. వీళ్ళేం పెట్టారో చూడాలి. ఆపు. అక్కడ కాదు, ఇంకాస్త ముందు. ఇప్పుడు పెద్దది చెయ్యి."

మావాడు ఫోన్ మీద రెండు వేళ్ళు ఆనించి, ఊపిరి బిగబట్టి, నెమ్మదిగా పెద్దది చేశాడు. పక్కింటి కుర్రాడు చెప్పులు గుమ్మంలో వదిలి లోపలికొచ్చాడు. ఒక్కో ఫ్రేముకీ నాన్నగారు చూపుడువేలు తెరకి ఆనిస్తున్నారు, మావాడు ముందుకీ వెనక్కీ జరుపుతున్నాడు. వంటింట్లోంచి మా ఆవిడ కాఫీలు చల్లారిపోతున్నాయని మూడోసారి కేకేసింది.